రెండు ఊళ్ల మధ్య దూరానికి నాలుగు అంకెలు ఎందుకు?

రెండు నగరాల పేర్లు టైప్ చేసి మధ్య దూరం ఎంత అని వెతికితే, తెర మీద ఒకేసారి నాలుగు అంకెలు కనిపిస్తాయి. సూటిగా 300 కిలోమీటర్లు. రోడ్డు మీద 390. విమానంలో గంట. కారులో ఆరున్నర గంటలు. ఒకదానితో ఒకటి పొసగనట్టు కనిపించినా ఈ నాలుగూ నిజమే. చిక్కల్లా ఏమిటంటే, ప్రయాణం పెట్టుకున్న మనిషి అడిగే ప్రశ్నకు వీటిలో ఏదీ నేరుగా జవాబు కాదు. ఆ మనిషికి తెలియాల్సింది ఒక్కటే: ఎప్పుడు బయల్దేరితే ఎప్పటికి చేరతాను?

ఒకసారి నేను కూడా గంట ప్రయాణమే కదా అనుకుని, పొద్దున విమానం ఎక్కి పదకొండింటికల్లా అవతల ఊళ్లో ఒక పని పెట్టుకున్నాను. ఇంట్లోంచి బయటపడి అక్కడ కాలు పెట్టేసరికి ఐదున్నర గంటలు పట్టింది. విమానం ఆలస్యం కాలేదు, దారిలో ట్రాఫిక్ కూడా లేదు. నేను చూసిన అంకెలో తప్పేమీ లేదు. అది దేన్ని కొలుస్తోందన్నదే నేను చూసుకోలేదు. అప్పటి నుంచి ఈ నాలుగు అంకెలూ ఎక్కణ్నుంచి వస్తాయో శ్రద్ధగా చూస్తున్నాను.

మన భాషలో ఆమడ, కోసు లాంటి కొలతలు ఉన్నా, "పూట నడక", "రెండు రోజుల ప్రయాణం" అన్న మాటలు కూడా పక్కనే ఉన్నాయి. దూరాన్ని కాలంతో చెప్పడం కొలత తెలియక చేసిన పని కాదు. ప్రయాణికుడికి పనికొచ్చే కొలత అదే.

సూటి దూరం అంటే ఏ గీత?

ముందు సూటి దూరం సంగతి చూద్దాం. దీన్నే విమాన దూరం అని కూడా రాస్తుంటారు. నిజానికి విమానానికీ దీనికీ సంబంధం తక్కువ. రెండు చోట్ల అక్షాంశ, రేఖాంశాలు తీసుకుని, భూగోళం ఉపరితలం మీద వాటిని కలిపే అతి పొట్టి గీత పొడవు లెక్కగడతారు. హావర్‌సైన్ అనే సూత్రం ఆ పని చేస్తుంది. భూమిని సరిగ్గా కేంద్రం గుండా రెండు సగాలుగా కోస్తే ఉపరితలం మీద ఏర్పడే వృత్తాన్ని మహావృత్తం అంటారు, ఆ గీత అందులో ఒక ముక్క.

బల్లపరుపు మ్యాప్ మీద స్కేలు పెట్టి గీసే గీత, ఈ గీత ఒకటి కావు. 1569లో మెర్కేటర్ తయారుచేసిన పద్ధతిలో గీసిన ప్రపంచ పటాలు మనకు బాగా అలవాటు. వాటిలో ధ్రువాల వైపు వెళ్లే కొద్దీ అన్నీ సాగిపోతాయి. గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనిపిస్తుంది. అసలు వైశాల్యంలో ఆఫ్రికా దానికి దాదాపు పద్నాలుగు రెట్లు. అలా సాగిపోయిన మ్యాప్ మీద తిన్నగా గీసిన గీత, నేల మీద తిన్నని దారి కాదు.

ఎంత తేడా వస్తుందో ఒక లెక్కతో చూడొచ్చు. 60 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, భూమికి సరిగ్గా చెరో వైపున రెండు చోట్లు ఉన్నాయనుకోండి. అదే అక్షాంశం వెంబడి తూర్పుగా పోతే సుమారు 10,000 కిలోమీటర్లు. ఉత్తర ధ్రువం మీదుగా పోతే సుమారు 6,670. మ్యాప్‌లో తిన్నగా కనిపించే దారి, వంపుగా కనిపించే దారి కన్నా సగం ఎక్కువ పొడవు. దూర ప్రయాణపు విమానంలో సీటు ముందున్న తెర మీద దారి విల్లులా వంగి కనిపించడానికి కారణం ఇదే. పైలట్ చుట్టూ తిప్పుతున్నాడని కొందరు అనుకుంటారు. వంగింది దారి కాదు, మ్యాప్. అయితే 300, 400 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊళ్లకు ఈ తేడా లెక్కలోకి రాదు.

ఒకే జంట నగరాలకు రెండు చోట్ల రెండు సూటి దూరాలు కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. భూమి పూర్తి గుండ్రం కాదు. మధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం 6,378 కిలోమీటర్లు, ధ్రువాల దగ్గర 6,357. కొందరు సగటున 6,371 అని గుండ్రంగా లెక్కేస్తారు, కొందరు ఆ చదునును కూడా కలుపుకుంటారు. దానివల్ల వెయ్యి కిలోమీటర్లకు ఐదు కిలోమీటర్ల దాకా తేడా రావచ్చు. అంతకన్నా పెద్ద తేడా మరో చోట వస్తుంది. నగరం అంటే ఏ బిందువు? ఒకరు నగరం నడిబొడ్డు తీసుకుంటారు, మరొకరు విమానాశ్రయం తీసుకుంటారు. లండన్‌కు దూరాలు నగరం మధ్యలో ఉన్న ఛేరింగ్ క్రాస్ అనే కూడలి నుంచి కొలవడం పాత ఆనవాయితీ. విమానాల లెక్కలో మాత్రం రన్‌వేల దగ్గరున్న బిందువే నగరం. ఆ రెండింటి మధ్య ఎడం చిన్నదేమీ కాదు. టోక్యో పేరుతో నడిచే నరీటా విమానాశ్రయం నగరం మధ్యకు సుమారు 60 కిలోమీటర్లు. ఫ్రాంక్‌ఫర్ట్ పేరు పెట్టుకున్న హాన్ విమానాశ్రయం నుంచి ఆ నగరానికి వంద కిలోమీటర్ల పైమాటే.

మైళ్లతోనూ జాగ్రత్తగా ఉండాలి. రోడ్డు మైలు 1.609 కిలోమీటర్లు, విమానాలు, ఓడలు వాడే నాటికల్ మైలు 1.852. ఒకచోట చూసిన 300 మైళ్లు ఏ మైళ్లో తెలియకపోతే 70 కిలోమీటర్లకు పైగా లెక్క తప్పుతుంది.

విమానం ఆ గీత మీద పోదు

గాలిలో అడ్డేముంటుంది, తిన్నగా పోవచ్చు కదా అనిపిస్తుంది. అడ్డాలు చాలానే ఉంటాయి. విమానం గాలి వాటాన్ని బట్టి రన్‌వే ఒక కొస నుంచి లేస్తుంది, అది వెళ్లాల్సిన దిక్కుకు సరిగ్గా వ్యతిరేకం కావచ్చు. నగరం చుట్టూ నిర్ణయించిన దారుల్లోనే పైకి పోవాలి, దిగేటప్పుడూ అంతే. మధ్యలో సైనిక గగనతలాలు, ఉరుముల మబ్బులు ఉంటాయి. ఎత్తైన నేల కూడా ఒక అడ్డే. టిబెట్ పీఠభూమి మీదుగా విమానాలు తక్కువగా పోవడానికి ఒక కారణం ఆక్సిజన్. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పడిపోతే పైలట్ వెంటనే పదివేల అడుగుల దాకా కిందికి దించాలి. కింది నేలే అంతకన్నా ఎత్తుగా ఉంటే దించడానికి చోటుండదు. ప్రయాణికుల మాస్కుల్లో ఆక్సిజన్ మామూలుగా పావుగంట అటూ ఇటూ మాత్రమే వస్తుంది.

దేశాల మధ్య గొడవలు కూడా దారిని మారుస్తాయి. ఫిన్లాండ్ రాజధాని హెల్సింకి నుంచి టోక్యోకు సూటి దూరం సుమారు 7,800 కిలోమీటర్లు. రష్యా మీదుగా తొమ్మిదిన్నర గంటల్లో చేరేవారు. 2022లో ఆ గగనతలం మూసుకుపోయాక అదే ప్రయాణం దాదాపు 13 గంటలైంది. రెండు నగరాలూ ఉన్నచోటే ఉన్నాయి. దూరం చెప్పే అంకె ఒక్క కిలోమీటరు కూడా మారలేదు.

ఎత్తులో పోవడం వల్ల దూరం పెరుగుతుందా అని కొందరు అడుగుతారు. పెరుగుతుంది కానీ చాలా కొద్దిగా. 11 కిలోమీటర్ల ఎత్తున పోతే వెయ్యి కిలోమీటర్లకు రెండు కిలోమీటర్లు కూడా అదనం కాదు.

రోడ్డు ఎందుకు చుట్టు తిరుగుతుంది?

మంచి రోడ్లున్న మామూలు నేల మీద రోడ్డు దూరం సూటి దూరానికి 1.2 నుంచి 1.4 రెట్ల దాకా ఉంటుంది. మొదట్లో చెప్పిన 300కు 390 అలా వచ్చిందే. త్వరగా ఒక అంచనా కావాలంటే సూటి దూరాన్ని 1.3తో గుణిస్తే చాలు.

నీళ్లు అడ్డొస్తే ఈ సూత్రం పనిచేయదు. హెల్సింకికీ ఎస్టోనియా రాజధాని టాలిన్‌కూ మధ్య సముద్రం మీద సుమారు 80 కిలోమీటర్లు. ఒడ్డు వెంబడి రోడ్డు మీదే పోవాలంటే రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ చుట్టి రావాల్సి వచ్చేది, 700 కిలోమీటర్లు దాటేది, రెండుసార్లు సరిహద్దు దాటాల్సి వచ్చేది; 2023 చివర్లో ఫిన్లాండ్ రష్యాతో ఉన్న సరిహద్దు మూసేశాక ఆ దారి కూడా లేదు. మ్యాప్ యాప్‌లో అడిగితే కారును ఫెర్రీలో ఎక్కించి చిన్న దూరమే చూపిస్తుంది. ఆ ఓడకు రెండు గంటలు పడుతుంది, పైగా అది బయల్దేరే వేళకు మనం అక్కడ ఉండాలి. అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిరిస్, ఉరుగ్వే రాజధాని మాంటెవిడియో ఒకే నదీముఖానికి చెరో ఒడ్డున ఉన్నాయి. సూటిగా దాదాపు 200 కిలోమీటర్లు. రోడ్డు మాత్రం ఉరుగ్వే నది మీద వంతెన వెతుక్కుంటూ పైకి పోయి దిగి రావాలి కాబట్టి దాదాపు మూడింతలు. కిన్షాసా, బ్రాజావిల్ రాజధానులు కాంగో నదికి అటూ ఇటూ ఒకదానికొకటి కనిపిస్తుంటాయి. వాటి మధ్య వంతెనే లేదు.

కొండల విషయంలో మాత్రం మన ఊహ తప్పు దారి పడుతుంది. ఎక్కీ దిగీ పోవడం వల్ల దూరం పెరుగుతుందనుకుంటాం. 6 శాతం వాలు అంటే బరువైన లారీలు ముక్కుతూ ఎక్కే వాలు. దాని మీద పది కిలోమీటర్లు పోతే వాలు వల్ల పెరిగే దూరం 18 మీటర్లు మాత్రమే. దూరాన్ని పెంచేది మలుపులు. వాలును 6 శాతం దగ్గర ఆపడం కోసమే రోడ్డును పాములా తిప్పాల్సి వస్తుంది. ఘాట్ రోడ్డులో అసలు ఖర్చయ్యేది దూరం కూడా కాదు, వేగం.

కిలోమీటర్లు గంటలుగా మారే చోటు

ఇక్కడే చాలామంది లెక్క తప్పుతారు. ఒక 300 కిలోమీటర్ల దారిలో సగం దూరం 100 వేగంతో, మిగతా సగం 50 వేగంతో పోయామనుకోండి. సగటు 75 కాబట్టి నాలుగు గంటల్లో చేరతాం అనిపిస్తుంది. మొదటి 150కి గంటన్నర, రెండో 150కి మూడు గంటలు, మొత్తం నాలుగున్నర. సగటు వేగం 67 దగ్గర ఆగింది. నెమ్మదిగా పోయే భాగంలో మనం ఎక్కువసేపు ఉంటాం కాబట్టి అదే సగటును కిందికి లాగుతుంది.

దీన్నే తిప్పి చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. 300 కిలోమీటర్లను 60తో పోతే ఐదు గంటలు, 80తో పోతే 3 గంటల 45 నిమిషాలు. వేగం 20 పెంచితే గంటా పావు మిగిలింది. 100 నుంచి 120కి పెంచితే మిగిలేది అరగంటే. ఇంకా పెంచే కొద్దీ మిగిలేది తగ్గుతుంది, ప్రమాదం పెరుగుతుంది. హైవే మీద యాక్సిలరేటర్ తొక్కి సమయం సంపాదించడం కన్నా, ఊరు దాటే ఆ ఇరవై కిలోమీటర్లు రద్దీ లేని వేళ దాటేలా బయల్దేరడం ఎంతో మేలు. ఈ మాట ఎవరైనా అడిగితే గట్టిగా చెప్తాను.

దారి చూపించే యాప్‌ల లోపల ఉన్న ఆలోచన పాతదే. 1956లో ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా అనే కంప్యూటర్ శాస్త్రవేత్త నెదర్లాండ్స్‌లోని రాటర్‌డామ్ నుంచి గ్రోనింగెన్‌కు అతి దగ్గరి దారి ఏదని ఆలోచిస్తూ, ఇరవై నిమిషాల్లో ఒక పద్ధతి కనిపెట్టాడు. 1959లో దాన్ని ప్రచురించాడు. రెండు నగరాల మధ్య దూరం అనే మన ప్రశ్న నుంచే కంప్యూటర్ శాస్త్రంలో అంత ముఖ్యమైన పద్ధతి పుట్టడం నాకు ఎప్పుడు తల్చుకున్నా సంతోషంగా ఉంటుంది. కూడళ్లను చుక్కలుగా, రోడ్లను గీతలుగా తీసుకుని, ఒక్కో గీతకు ఒక విలువ ఇస్తారు. ఆ విలువ కిలోమీటర్లయితే దగ్గరి దారి వస్తుంది, నిమిషాలైతే త్వరగా చేరే దారి వస్తుంది. ఈ రెండూ చాలాసార్లు వేర్వేరు. యాప్‌లు ఇదే ఆలోచనకు వేగం పెంచిన రకాలను వాడి, ఫోన్ల కదలికల నుంచి వచ్చే ట్రాఫిక్ సమాచారం కలుపుతాయి.

కానీ ఆ సమయంలో మీరు ఆగే సమయం ఉండదు. టీ, భోజనం, పెట్రోల్, పిల్లలు, నడుం నొప్పి ఏవీ యాప్‌కు తెలియవు. యూరప్‌లో లారీ, బస్సు డ్రైవర్లు నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాలు విరామం తీసుకోవాలన్నది చట్టం. సొంత కారు నడిపేవాళ్ల ఒళ్లు కూడా అలాంటిదే కదా. రెండు గంటలకు పావుగంట చొప్పున కలుపుకుంటే ఆరున్నర గంటల దారి ఏడుంపావు దాకా వెళ్తుంది.

విమానం చెప్పే గంట

సూటి దూరాన్ని 800తో భాగించి విమాన సమయం చెప్పేవాళ్లున్నారు. 300 కిలోమీటర్లకు అలా 23 నిమిషాలు వస్తుంది. టికెట్ మీద గంట ఉంటుంది. మిగతా సమయం ఎక్కడికి పోయింది?

టికెట్ మీదున్నది బ్లాక్ టైమ్. అంటే గేటు దగ్గర విమానం కదిలినప్పటి నుంచి, అవతలి గేటు దగ్గర ఆగేదాకా. నేల మీద రన్‌వే దాకా పోవడం, వరుసలో నిలబడటం అందులోవే. పైకి లేచాక కూడా వెంటనే పూర్తి వేగం రాదు. చాలా దేశాల్లో పదివేల అడుగుల కింద వేగం 250 నాట్లకు, అంటే గంటకు 250 నాటికల్ మైళ్లకు, సుమారు 460 కిలోమీటర్లకు మించకూడదు. దిగడం మొదలయ్యేది గమ్యానికి దాదాపు 190 కిలోమీటర్ల ముందే. అందుకే 300 కిలోమీటర్ల ప్రయాణంలో విమానం తన పూర్తి ఎత్తుకు వెళ్లనే వెళ్లదు, ఎక్కడం అవుతూనే దిగడం మొదలవుతుంది. దీనికి తోడు, ఆలస్యం లెక్కలో పడకుండా విమాన సంస్థలు షెడ్యూల్‌లో కొన్ని నిమిషాలు ముందే కలిపి ఉంచుతాయి. విమానం కొన్నిసార్లు "ముందే" చేరడానికి అదీ ఒక కారణం.

ఇక గాలి. తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో పడమటి నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలి ప్రవాహాలు ఉంటాయి. లండన్ నుంచి న్యూయార్క్‌కు సుమారు ఎనిమిది గంటలు, తిరిగి రావడానికి ఏడు. 2020 ఫిబ్రవరిలో తుపాను గాలులు తోడై, ఒక బోయింగ్ 747 న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. నేల మీద లెక్కిస్తే దాని వేగం ఒక దశలో గంటకు 1,300 కిలోమీటర్లు దాటింది. అది ధ్వని వేగాన్ని దాటినట్టు కాదు. చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే మామూలు వేగంతోనే పోతోంది, ఆ గాలే మొత్తంగా ముందుకు కదులుతోంది.

పోయేటప్పుడు కలిసొచ్చింది, వచ్చేటప్పుడు పోయింది, చెల్లుకు చెల్లు అనుకోవడం సహజం. చెల్లదు. 2,400 కిలోమీటర్ల దూరం, 800 వేగం అనుకుంటే గాలి లేనప్పుడు పోను మూడు, రాను మూడు, మొత్తం ఆరు గంటలు. 200 వేగంతో గాలి వీస్తే ఒక వైపు 2 గంటల 24 నిమిషాలు, రెండో వైపు సరిగ్గా 4 గంటలు. మొత్తం 6 గంటల 24 నిమిషాలు. కారు విషయంలో చూసిన లెక్కే ఇది. ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం కాబట్టి దాని దెబ్బే ఎక్కువ.

టికెట్ మీద బయల్దేరే వేళ, చేరే వేళ మాత్రమే చూసి తీసివేత చేయకూడదన్నది తెలిసిందే. లండన్‌లో పదింటికి ఎక్కి న్యూయార్క్‌లో ఒంటి గంటకు దిగితే మూడు గంటలు కాదు, ఎనిమిది. గడియారాల మధ్య తేడా ఐదు గంటలు. మార్చిలో కొన్ని వారాల పాటు అది నాలుగే, ఎందుకంటే రెండు దేశాలూ గడియారాలు మార్చే తేదీలు వేర్వేరు.

ఎక్కడి దాకా కారు, ఎక్కణ్నుంచి విమానం?

ఇప్పుడు గడప నుంచి గడపకు లెక్క వేద్దాం. ఇంటి నుంచి విమానాశ్రయానికి గంట. అక్కడ గంటన్నర ముందుండాలి. దిగాక గేటు నుంచి బయటికి రావడం, సామాను అరగంట. అక్కణ్నుంచి ఊళ్లోకి గంట. మొత్తం నాలుగు గంటలు, విమానం గాలిలో ఉన్నా లేకపోయినా అయ్యే సమయం ఇది. రోడ్డుకు ఇలాంటి స్థిరమైన ఖర్చు దాదాపు లేదు, తాళం తిప్పితే ప్రయాణం మొదలు.

అటు పక్కన, దూరం పెరిగినప్పుడు పరిస్థితి తిరగబడుతుంది. సూటి దూరం వంద కిలోమీటర్లు పెరిగితే విమానానికి ఏడెనిమిది నిమిషాలే ఎక్కువ. రోడ్డుకు అది 130 కిలోమీటర్లు, 60 సగటు వేగంతో రెండు గంటల పది నిమిషాలు. అందుకే సూటిగా 200 కిలోమీటర్లున్న చోటికి కారు నాలుగు గంటల ఇరవై నిమిషాలు, విమానం నాలుగు గంటల యాభై నిమిషాల పైన. 300కు విమానం ఐదు గంటలు, కారు ఆరున్నర. వెయ్యికి విమానం ఆరు గంటలు, కారు ఇరవై ఒకటిన్నర పైన, అంటే మధ్యలో నిద్ర కూడా కావాలి.

ఈ గీత ఎక్కడ పడుతుందన్నది రోడ్డును బట్టి ఉంటుంది. హైవే బాగుండి సగటు 90 వస్తే ఆ 390 కిలోమీటర్లు నాలుగు గంటల ఇరవై నిమిషాలే, 300 దూరానికి కూడా కారే ముందు చేరుతుంది. మీ ఇల్లు విమానాశ్రయం పక్కనే ఉంటే అటు గంట తగ్గి లెక్క మళ్లీ మారుతుంది. కాబట్టి ఇన్ని కిలోమీటర్లు దాటితే విమానమే ఎక్కాలని అందరికీ ఒకే హద్దు చెప్పేవారిని నేను నమ్మను. ఆ నాలుగు గంటల స్థానంలో మీ ఇంటి అంకె, 60 స్థానంలో మీ దారి అంకె వేసుకోవాలి.

ఇంకొక తేడా కూడా చూడాలి. రోడ్డు మీద ఆలస్యం కొద్దికొద్దిగా పేరుకుంటుంది. ఇరవై నిమిషాలు ఆలస్యంగా బయల్దేరితే సుమారు ఇరవై నిమిషాలు ఆలస్యంగా చేరతాం. విమానం విషయంలో ఇరవై నిమిషాల ఆలస్యం ఒక్కోసారి ఏమీ కాదు, ఒక్కోసారి గేటు మూసేస్తారు, తర్వాతి విమానం ఐదు గంటల తర్వాత ఉంటుంది. మధ్యలో విమానం మారే ప్రయాణమైతే ఈ టెన్షన్ రెండింతలు. అందుకే చేరే వేళను ఒకే అంకెగా కాకుండా, ఫలానా వేళ నుంచి ఫలానా వేళ మధ్య అని రాసుకోవడం నాకు అలవాటైంది. నేను లెక్క తప్పిన ఆ ప్రయాణమే మళ్లీ పడితే ఇప్పుడు కాగితం మీద ఇలా రాస్తాను: ఆరింటికి గడప దాటితే, చేరేది పదకొండు నుంచి పన్నెండున్నర మధ్య, పని ఒంటి గంటకు.